నిన్నటి నిజం

సుగంధి బోర్డు మీద చుక్క పెడుతుండగా వెనక కుర్చీ కిర్రుమంది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ కిర్రు ఆమెకు బాగా తెలుసు. ఆ చక్రాల కుర్చీలో కూర్చునేది తనొక్కతే. తనేమో బోర్డు దగ్గర నిలబడి ఉంది. మరి అది ఎందుకు మూలిగినట్టు?

వెనక్కి తిరిగింది. ఇన్‌స్టిట్యూట్ ఓనర్ ముకుందన్ ఆమె కుర్చీని రెండు చేతులా పట్టుకుని, చంటిపిల్లల బండిని తోసినట్టు గుమ్మం వైపు తోసుకుపోతున్నాడు. నడుంనొప్పికని ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్న పూల దిండు కూడా కుర్చీతో పాటే ఊరేగుతోంది.

"సార్?" అంది సుగంధి.

"మీరు కానీండి మేడమ్, కానీండి." ముకుందన్ నవ్వాడు. ఆ నవ్వు చూస్తే సుగంధికి చిన్నప్పటి నుంచీ అనుమానమే. అతను ఆమెకు మేనమామ వరస. ఇంట్లో 'మామా', ఇన్‌స్టిట్యూట్‌లో 'సార్'. కొత్త మనిషి ఎవరో వచ్చినప్పుడు మాత్రమే అతను ఆమెను 'మేడమ్' అంటాడు.

కొత్త మనిషి గుమ్మంలోనే ఉన్నాడు. ఆరడుగుల పొడుగు, ఎండకు ఎర్రగా కమిలిన ముక్కు, మోకాళ్ల దాకా నిక్కరు, భుజాన జోలె. సారం పేటలోని ఆ రెండో అంతస్తు గదిలో బెంచీలు సర్దుకుని కూర్చున్న పద్దెనిమిది మందీ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు, అందరిలోకీ పెద్దదైన అంబుజం తప్ప. ఆమె అతన్ని చూసి నొసలు చిట్లించింది.

"మిస్టర్ ఆల్వరో!" ముకుందన్ గొంతు సవరించుకున్నాడు. "సాక్షాత్తూ స్పెయిన్ నుంచి వచ్చినాడు. నేటివ్ స్పీకర్! ఇవాళ్టి నుంచీ ఈ బ్యాచ్ దొరగారిదే. సుగంధి మేడమ్ వెనక నిలబడి అటెండెన్సు చూసుకుంటారు. ఆదివారం చెన్నై కంపెనీ మేడమ్ వస్తా ఉంది, మన పిల్లకాయల్ని చూసి ఉద్యోగాలకు ఎత్తుకునేదానికి. ఆమె కళ్లకు ముందు ఆనాల్సింది ఏంది? స్పెయిన్!"

"ఆదివారం తర్వాత?" సుగంధి అడిగింది.

"ఆదివారం తర్వాత చూస్తాం మేడమ్. రిసెప్షన్లో కూడా తెలివైన మనిషి కావాలి గదా."

ఆ మాట అంటూనే అతను కుర్చీని కిర్రుకిర్రుమనిపిస్తూ నడవ పొడుగునా తోసుకుపోయాడు. దొరగారు విశ్రాంతి తీసుకునేందుకు తన ఏసీ గదిలో వేశాడు. సుగంధి చేతిలో సుద్దముక్క అలాగే ఉంది. బోర్డు మీద చుక్కలూ అలాగే ఉన్నాయి.

చుక్కల సంగతి చెప్పాలి. స్పానిష్‌లో భూతకాలం ఒకటి కాదు. జరిగి ముగిసిపోయిన పనికి ఒక రూపం, ఆ సమయంలో చుట్టూ సాగుతూ ఉన్నదానికి ఇంకో రూపం. ఎన్ని సూత్రాలు చెప్పినా ఎవరి బుర్రకూ ఎక్కడం లేదని, ఒకరోజు సుగంధి విసిగిపోయి బోర్డు మీద వాకిట్లో వేసే మెలికల ముగ్గు వేసింది. "కరెంటు పోయింది. అది చుక్క. వాన పడుతూ ఉండింది, అమ్మ అప్పడాలు వేయిస్తూ ఉండింది. అవి చుక్క చుట్టూ తిరిగే మెలిక." అంతే. ఆ రోజు నుంచి ఆ బ్యాచ్‌లో ఎవరూ తప్పు చెయ్యలేదు. చేసినా, పక్కవాడు గాల్లో వేలితో చుక్క పెట్టి చూపిస్తే సర్దుకునేవారు.

దానికి తోడు ఆమె క్లాసులో ఒక కట్టుబాటు ఉంది. ప్రతి ఉదయం ఒకరు లేచి నిన్న జరిగింది చెప్పాలి. నిజమే చెప్పాలి. 'నేను నిన్న మ్యూజియానికి వెళ్లాను' అని పుస్తకంలో వాక్యం అప్పజెప్పినవాడికి బోర్డు తుడిచే శిక్ష. కల్పించి చెప్పినదానికి చుక్కే తప్ప మెలిక ఉండదని సుగంధి సిద్ధాంతం. ఇంట్లో ఎవరికీ స్పానిష్ రాదన్న ధైర్యం కొద్దీ ఆ క్లాసులో బయటపడని రహస్యం లేదు. కదిర్కామం నుంచి వచ్చే ధనపాల్, వాళ్ల నాన్న బండి అద్దం పగలగొట్టి నెపం పక్కింటి కుక్క మీదికి తోసిన వైనం మొత్తం భూతకాలంలోనే బయటపెట్టాడు. ఆ కుక్క మీద క్లాసంతటికీ జాలి.

*

మర్నాడు ఆల్వరో టేబుల్ అంచున ఎక్కి కూర్చున్నాడు. అతనికి కుర్చీలంటే పడదట. ఏసీ గదిలో సుగంధి కుర్చీ ఖాళీగా చలికి వణుకుతోంది. సుగంధి కిటికీ దగ్గర కాలు మార్చి కాలు మీద నిలబడి ఉంది. బెంచీలన్నీ నిండిపోయాయి. ధనపాల్ లేచి తన చోటు ఇవ్వబోతే, నడవలో పచార్లు చేస్తున్న ముకుందన్ కళ్లు ఉరిమాయి.

"నిన్న ఏం జరిగింది?" అని ఆల్వరో స్పానిష్‌లో అడిగాడు. పాపం, ఏదో ఒకటి అడగాలి కదా అని అడిగాడు.

అంబుజం లేచింది. యాభై దాటిన మనిషి. వైట్ టౌన్ అంచున తన ఇంటి మేడ మీది గదులు విదేశీయులకు అద్దెకిస్తుంది. తన పులుసు తిని మెట్ల మీద స్పానిష్‌లో ఏదో అనుకుని నవ్వుతున్నారని, ఆ నవ్వు సంగతి తేల్చుకోవడానికే ఈ బ్యాచ్‌లో చేరింది.

"నిన్న సాయంత్రం నేను ఊరగాయ జాడీలు ఎండలోంచి తీస్తూ ఉన్నాను," అంది స్పానిష్‌లో, తొణక్కుండా. "గాలి బాగా వీస్తూ ఉంది. మేడ మీద అద్దెకున్న అబ్బాయి స్నానం చేస్తూ పాట పాడుతూ ఉన్నాడు. పాట ఆపాడు. కొళాయి ఆపలేదు. నీళ్లు నా జాడీల మీద పడ్డాయి."

ఆల్వరో ముక్కు ఇంకా ఎర్రబడింది. ఆ మేడ మీద అద్దెకున్న అబ్బాయి అతనే.

"చాలా... చాలా బాగా చెప్పారు," అన్నాడు. "క్షమించండి, అమ్మా."

ధనపాల్ చెయ్యెత్తాడు. "సార్, పాట పాడుతూ ఉన్నాడు అనడానికి ఒక రూపం, ఆపాడు అనడానికి ఇంకో రూపం. ఎందుకు సార్?"

ఆల్వరో ఆలోచించాడు. సీలింగు వైపు చూశాడు. గడ్డం గోక్కున్నాడు. "ఎందుకంటే... ఇంకోలా అంటే చెవికి బాగోదు. మా అమ్మ అలాగే అంటుంది."

పద్దెనిమిది తలలూ కిటికీ వైపు తిరిగాయి. సుగంధి అటెండెన్సు రిజిస్టరు పక్కన పెట్టి బోర్డు దగ్గరికి వచ్చింది. ఒక చుక్క పెట్టింది: పాట ఆగింది. ఇంకో చుక్క: నీళ్లు పడ్డాయి. వాటి చుట్టూ గాలినీ, జాడీలనూ, పాటనూ కలుపుతూ ఒక మెలిక తిప్పి మొదలెట్టిన చోటికే తెచ్చి కలిపింది. ఆల్వరో టేబుల్ దిగి, బోర్డు దగ్గరికంటా వచ్చి, ఆ ముగ్గును వేలితో తడుముతూ చూశాడు.

"నేను పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్నాను," అన్నాడు ఇంగ్లీషులో. "ఇదిలా ఉంటుందని ఇవాళే చూశాను."

సరిగ్గా అప్పుడే ముకుందన్ లోపలికి వచ్చాడు. బోర్డు చూశాడు. డస్టరు తీశాడు.

"ఏంది ఇది? స్పానిష్ క్లాసా, మార్గళి నెల ముగ్గుల వాకిలా?" అంటూ చుక్కలు, మెలికలు మొత్తం ఒక మూల నుంచి ఇంకో మూలకు తుడిచేశాడు. సుద్దపొడి అతని మీసం మీద పడింది. "ఆదివారం ఆ మేడమ్ ముందర ఈ ముగ్గులు కనబడితే మనల్ని యాడ పెడతారు? ఇంక ఈ గదిలో చుక్క అనేది ఉండగూడదు. ఇదిగో, కాగితాలు తెచ్చినా. ఇది అందరూ బట్టీ పట్టండి."

ఆ కాగితంలో ఇన్‌స్టిట్యూట్ గొప్పతనం ఉంది. ముకుందన్ ఇంగ్లీషులో రాసుకుంటే, కంప్యూటర్‌లో ఏదో సైటు దాన్ని స్పానిష్ చేసింది. ఆల్వరో చదివి, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఏ భాష అని సుగంధిని మెల్లగా అడిగాడు.

*

శనివారం క్లాసు అయ్యాక సుగంధి ఏసీ గదిలోకి వెళ్లింది. ఆమె కుర్చీ మీద ముకుందన్ కొత్త బ్రోచర్ల కట్ట పెట్టుకున్నాడు. బ్రోచర్ మీద ఆల్వరో పెద్ద ఫోటో ఉంది. కింద ఎక్కడో చీమంత అక్షరాల్లో 'అసిస్టెంట్: సుగంధి'.

"మామా," అంది.

ముకుందన్ ఉలిక్కిపడ్డాడు. ఇన్‌స్టిట్యూట్‌లో ఆమె అలా పిలవడం ఇదే మొదటిసారి.

"కుర్చీలో ఎవరూ కూసోవడం లేదు గదా. నడుం పట్టేస్తా ఉంది. నాకు ఇచ్చేయ్."

"సుగంధీ, నువ్వు మనింటి పిల్లవి. నీకు తెలియనిదేముంది? కుర్చీ ఈడ ఉంటే దొరకు మర్యాద. ఆయన కూసున్నా కూసోకపోయినా మర్యాద మర్యాదే. రేపొక్కరోజు ఓర్చుకో."

"రేపటి తర్వాత రిసెప్షన్ అన్నావే?"

"రిసెప్షన్లో మంచి కుర్చీ వేయిస్తా," అన్నాడు ముకుందన్ ఎంతో దయగా.

మెట్లు దిగితే కింద టీకొట్టు దగ్గర అంబుజం కాచుకుని ఉంది.

"రేపు నేను రాను అంబుజమక్కా," అంది సుగంధి. "మీరంతా బాగా చెబితే ఆ పేరు బ్రోచర్ మీది బొమ్మకు పోతుంది. చెడగొడితే నా తలకు చుట్టుకుంటుంది. రెండిట్లోనూ నాకు రిసెప్షనే."

"రాకపోతే మటుకు? వాళ్లంతా ఆ కాగితం చదివి నవ్వులపాలు అవుతారు. ఆ ధనపాల్‌కు ఉద్యోగం పోతాది. నీ కోపం మీ మామ మీద గదా, పిల్లకాయల మీద యాల?" అంబుజం టీ ఊదుకుంది. "రా టీచరమ్మా. కిటికీ దగ్గర నిలబడు, చాలు. నువ్వు కనబడితేనే మాకు చుక్కలు కనబడతాయి."

"చుక్కలు వద్దన్నాడుగా."

"బోర్డు మీద వద్దన్నాడు," అంది అంబుజం.

*

ఆదివారం ముకుందన్ సిల్కు చొక్కా వేసుకున్నాడు. బోర్డు నిగనిగలాడేట్టు తడిగుడ్డతో తుడిపించాడు. ఆల్వరో చేత నిక్కరు మాన్పించి ప్యాంటు తొడిగించాడు. అది ముకుందన్‌దే, అందుకే దొర పిక్కల దగ్గరే ఆగిపోయింది. చెన్నై కంపెనీ వేదవల్లి నలభై ఏళ్ల మనిషి. నూలు చీర, చేతి సంచీ. వచ్చి ముందు బెంచీలో పక్కగా కూర్చుంది. కాఫీ వద్దంది, మంచినీళ్లు చాలంది. మెక్సికో నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పే మనుషుల్ని వెతుక్కుంటూ వచ్చింది ఆమె.

"మేడమ్ పెద్ద మేనేజర్," అని ముకుందన్ సుగంధి చెవిలో అన్నాడు. "స్పానిష్ గీనిష్ రావాల్సిన పన్లేదు. ధాటి చూసి పోతాది, అంతే."

ముందు ధనపాల్ లేచాడు. బట్టీ పట్టిన కాగితం మొదలెట్టాడు. రెండు వాక్యాలయ్యాయి. మూడోది ఎంతకీ రాలేదు. అది వచ్చేది కాదు, ఎందుకంటే దానికి క్రియ లేదు. ధనపాల్ మెడ మీద చెమట దిగజారుతోంది. కిటికీ దగ్గర సుగంధికి తన నడుంనొప్పి గుర్తు రాలేదు. చేతిలోని రిజిస్టరు మీద వేలితో గట్టిగా ఒక చుక్క పెట్టింది. ధనపాల్ చూశాడు, కానీ బట్టీ కాగితంలో చుక్క పెట్టే చోటెక్కడుంది?

"అది వదిలెయ్యి తంబీ," అంది వేదవల్లి తమిళంలో. "నిన్నో మొన్నో జరిగింది ఏదైనా చెప్పండి. ఎవరైనా సరే."

ఆ మాట ఆ క్లాసుకు తాళం తీసినట్టు. అంబుజం కొంగు దోపుకుని లేచి నిలబడింది. ఒక్కసారి కిటికీ వైపు చూసింది. సుగంధి వద్దన్నట్టు తల ఊపింది. అంబుజం అప్పటికే మొదలెట్టేసింది.

"గురువారం ఉదయం మా టీచరు బోర్డు మీద చుక్కలు పెడుతూ ఉంది," అంది స్పానిష్‌లో. చెయ్యి చిన్నగా గాల్లో మెలిక తిరిగింది. "మేం వింటూ ఉన్నాం. ఫ్యాను తిరుగుతూ ఉంది. ఓనరు వచ్చాడు." వేలితో చుక్క. "ఆయన నవ్వుతూ ఉన్నాడు. టీచరు కుర్చీ లాక్కున్నాడు." చుక్క. "టీచరుకు నడుం నొప్పిగా ఉంది. ఆమె నిలబడే ఉంది. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. మర్నాడు బోర్డు నిండా ముగ్గు ఉంది. మాకు అన్నీ అర్థమవుతూ ఉన్నాయి. ఓనరు తుడిచేశాడు." చుక్క.

తడబాటు లేదు. ప్రతి మాటా దాని చోట్లో కూర్చుంది.

ముకుందన్ చప్పట్లు కొట్టాడు. గట్టిగా, రెండు చేతులూ తల మీదికెత్తి మరీ కొట్టాడు. "బ్రేవో! అదీ! అదీ మా ఇన్‌స్టిట్యూట్! మళ్లీ ఒక్కసారి, అంబుజం మేడమ్, ఆ ముగింపు ముక్క మళ్లీ ఒక్కసారి!"

అంబుజం మళ్లీ చెప్పింది. ముకుందన్ మళ్లీ కొట్టాడు. ధనపాల్ తల బెంచీ కింద దాచుకున్నాడు, పుస్తకం వెతుక్కుంటున్నట్టు. ఆల్వరో గోడ వైపు తిరిగాడు. అతని చెవులు దీపాల్లా వెలుగుతున్నాయి.

"ఏం చెప్పింది? దేని గురించి?" ముకుందన్ సుగంధి దగ్గరికి వచ్చి ఆత్రంగా అడిగాడు.

సుగంధి అబద్ధం చెప్పలేదు. "కుర్చీ గురించి సార్."

"కుర్చీయా!" ముకుందన్ పొంగిపోయి వేదవల్లి వైపు తిరిగాడు. "చూసినారా మేడమ్? మూడు రోజుల్లో దొర ఫర్నిచర్ దాకా తెచ్చేసినాడు!"

వేదవల్లి ముఖంలో ఒక్క గీత కూడా కదల్లేదు. మంచినీళ్లు తాగింది. తర్వాత ఆల్వరోని స్పానిష్‌లో ఏదో అడిగింది. పావురాలు కువకువలాడినంత సాఫీగా వచ్చింది ఆ స్పానిష్. మళ్లీ చప్పట్లకు లేచిన ముకుందన్ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"వీళ్లకు ఇలా చెప్పడం నేర్పింది మీరేనా?"

"నేను కాదండీ," అన్నాడు ఆల్వరో అదే భాషలో. "నేను నేర్చుకుంటున్నాను." కిటికీ వైపు చెయ్యి చూపించాడు.

వేదవల్లి లేచింది. ఎవరికి ఉద్యోగం, ఎవరికి లేదు, ఒక్క ముక్క చెప్పలేదు. మళ్లీ కబురు చేస్తానంది. పోతూ పోతూ బోర్డు దగ్గర ఆగింది. సుద్దముక్క తీసి, నిగనిగలాడే ఆ ఖాళీ బోర్డు నట్టనడుమ ఒకే ఒక్క చుక్క పెట్టి, వేళ్లు దులుపుకుని వెళ్లిపోయింది.

"ఆమెకు స్పానిష్ వచ్చునా?" అన్నాడు ముకుందన్ నెమ్మదిగా. "సెరిలే. వస్తే ఇంకా మంచిదే గదా! అంబుజం మేడమ్ ముక్క ఆమెకు బాగా అర్థమై ఉంటాది."

"బాగా," అంది అంబుజం.

దొరను వైట్ టౌన్‌లో దింపి వస్తానని ముకుందన్ స్కూటర్ తీశాడు. ప్యాంటు తిరిగి తీసుకోవాలి కదా. వెనక కూర్చున్న ఆల్వరో మోకాళ్లు రోడ్డుకు అటూ ఇటూ రెక్కల్లా చాచుకుని ఉన్నాయి. కిటికీలోంచి చూస్తున్న సుగంధికి ఆ స్కూటర్ మలుపు తిరిగేదాకా కనిపించింది. ఈ బ్యాచ్‌లో ఇదే ఆఖరు రోజు అనుకుంది. చుక్కను తుడవబోయి, తుడవలేదు.

*

సోమవారం ఆమె వచ్చేసరికి అందరూ ఎప్పుడో వచ్చేసి ఉన్నారు. ఆల్వరో ముందు బెంచీలో అంబుజం పక్కన, మళ్లీ నిక్కరులో, ఒళ్లో నోటుపుస్తకంతో కూర్చుని ఉన్నాడు.

"ఇదేంటి?" అంది సుగంధి.

"ఆ చుక్కలు నేర్చుకుని ఊరెళ్లి మా అమ్మకు చూపిస్తాను," అన్నాడు.

"మరి క్లాసు ఎవరు చెబుతారు?"

జవాబుగా నడవలో కిర్రుమంది.

కిర్రు... కిర్రు... ఆ చప్పుడు మెల్లగా దగ్గరికి వస్తోంది. గుమ్మంలో ముందు పూల దిండు కనిపించింది, ఆ తర్వాత కుర్చీ, కుర్చీ వెనక ముకుందన్. ఇవాళ నవ్వు లేదు. కుర్చీని టేబుల్ వెనక దాని పాత చోట్లో నిలబెట్టాడు. దిండును అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి సరిచేశాడు. ఎవరి వైపూ చూడకుండా ఆఖరి బెంచీకి వెళ్లి, ధనపాల్‌ను జరగమని సైగచేసి కూర్చున్నాడు.

సుగంధి తన కుర్చీలో కూర్చుంది. నడుం దిండుకు ఆనింది. గది మొత్తం ఎదురుచూస్తోంది.

"నిన్న ఏం జరిగింది?" అని ఆమె ఎప్పటిలాగే స్పానిష్‌లో అడిగింది. "ఎవరు చెబుతారు?"

ఆఖరి బెంచీలో ముకుందన్ లేచి నిలబడ్డాడు. "ఏమడగతా ఉండారో ధనపాల్ చెప్పినాడు. నాకు ఆ భాష రాదు. మన తెలుగులో చెప్పొచ్చా?"

"చెప్పండి సార్. నిజమైతే చాలు."

"నిన్న దొరను దింపడానికి పోతా ఉంటే, సిగ్నల్ కాడ అడిగినా. ఆ అంబుజం ఏం చెప్పింది సామీ, అని. ఈ మనిషికి మీ క్లాసు జబ్బు అంటుకునింది. దాచకుండా చెప్పేసినాడు. పచ్చలైటు పడింది. నేను కదల్లేదు. వెనక బస్సోడు హారను కొట్టి కొట్టి..." ముకుందన్ ఆగాడు. "నేను చప్పట్లు కూడా కొట్టినా గదా?"

"రెండుసార్లు సార్," అన్నాడు ధనపాల్ జాలిగా.

"పొద్దున చెన్నై మేడమ్ ఫోన్ చేసింది. ఆ చుక్కల టీచరు చెప్పే బ్యాచ్ అయితే పిల్లకాయల్ని తీసుకుంటానంది. లేకపోతే లేదంది. ఆమె ఫోన్ రాకపోయినా కుర్చీ తెచ్చి ఉంటానని చెప్తే వినేదానికి బాగుంటాది." మీసం తడుముకున్నాడు. "కానీ ఈడ అబద్ధం చెప్పగూడదంట గదా. సగం సిగ్గు, సగం ఫోను. అంతే నిజం. బ్రోచర్లు మళ్లీ వేయిస్తా. రిసెప్షన్లో నేనే కూసుంటా." చెప్పడం అయిపోయినా ఎలా కూర్చోవాలో తెలియనట్టు నిలబడే ఉన్నాడు.

సుగంధి గాల్లో వేలితో ఒక చుక్క పెట్టింది.

ముందు బెంచీలో అంబుజం చప్పట్లు మొదలెట్టింది. తల మీదికి చేతులెత్తి, నిన్న అతను కొట్టినట్టే. ఆల్వరో అందుకున్నాడు. ధనపాల్ అందుకున్నాడు. గదంతా మారుమోగింది.

అలవాటు కొద్దీ ముకుందన్ కూడా కొట్టేశాడు.